అన్నా, ఏ వాచీ కొనాలె?

మా చిన్నాయన కొడుకు నల్లగొండలో రూమ్ తీసుకుని ఫారెస్ట్ బీట్ ఆఫీసర్ పోస్టుకు ప్రిపేర్ అవుతున్నాడు. మొన్న రాత్రి వాట్సాప్‌లో మూడు లింకులు పంపాడు. ఒకటి రెండు వేల రూపాయల స్మార్ట్‌వాచీ. రెండోది ఇరవై వేలకు దగ్గర్లో ఉంది. మందంగా, మూలల్లో స్క్రూలు కనబడుతూ, యుద్ధానికి పోయేవాళ్లు కట్టుకునేదానిలా ఉంది. మూడోదాని ధర తెలిస్తే మా చిన్నమ్మ ఇద్దరితోనూ మాట్లాడదు. కింద ఒకటే లైను: "అన్నా, ఏది తీసుకోవాలె? నా దగ్గర పద్దెనిమిది వేలున్నయ్."

ఆ పద్దెనిమిది వేలు ఎక్కడివో నాకు తెలుసు. కోచింగ్ ఫీజు కట్టగా మిగిలినవి. అందుకే ఊరికే "రెండోది తీసుకో" అని తోసేయలేదు. సాఫ్ట్‌వేర్ ఇంజనీర్‌ని కాబట్టి మొబైల్ చార్జర్ నుంచి చంద్రయాన్ దాకా అన్నీ నాకు తెలుసని మా ఇంట్లో ఒక నమ్మకం. చాలా విషయాల్లో అది వట్టిదే. ఈ ఒక్కదాంట్లో మాత్రం కాస్త అనుభవం ఉంది. వారమంతా గచ్చిబౌలిలో కూర్చుని, శని ఆదివారాల్లో భువనగిరి, రాచకొండ, దేవరకొండ అంటూ గుట్టల వెంట తిరుగుతుంటాను. చేతికి వాచీ ఉంటుంది. అది ఎక్కడ పనికొస్తుందో, ఎక్కడ షోకు మాత్రమేనో కొంత అర్థమైంది.

వాడికి నేను తిరిగి వేసిన ప్రశ్న ఒకటే. "నువ్వు పోయే చోట తిరుగు దారి నీకు తెలుసా, తెలియదా?" తెలిస్తే నీకు కావలసింది గడియారం. తెలియకపోతే కావలసింది దారి చూపే పరికరం. ఈ రెండూ చూడటానికి ఒకేలా ఉంటాయి, ధరలో మాత్రం నాలుగైదు రెట్లు తేడా. కొనేవాళ్లు ఎక్కువగా బోల్తా పడేది ఇక్కడే.

గ్రౌండ్‌లో వాచీ పని ఎంత?

నల్లగొండ మేకల అభినవ్ స్టేడియంలోనైనా, మహబూబ్‌నగర్ స్టేడియంలోనైనా తెల్లారకముందే వెళ్లి చూడండి. పోలీస్ ఈవెంట్స్ కోసం పరుగెత్తేవాళ్లు కనబడతారు. 2022 నోటిఫికేషన్ ప్రకారం కానిస్టేబుల్‌కు అబ్బాయిలు 1600 మీటర్లను 7 నిమిషాల 15 సెకన్లలో, అమ్మాయిలు 800 మీటర్లను 5 నిమిషాల 20 సెకన్లలో పూర్తి చేయాలి. లెక్క వేస్తే అబ్బాయిలకు 400 మీటర్ల రౌండుకు 1 నిమిషం 48 సెకన్లు. ఇది చూసుకోవడానికి జీపీఎస్ అక్కర్లేదు. బటన్ నొక్కితే ఆగే స్టాప్‌వాచ్, పక్కన లెక్కపెట్టే స్నేహితుడు చాలు.

పైగా ట్రాక్ మీద జీపీఎస్ కొంచెం అబద్ధం ఆడుతుంది. వాచీ సెకనుకో పాయింట్ పెట్టుకుంటూ పోతుంది. ఒక్కో పాయింట్ రెండు మూడు మీటర్లు అటూ ఇటూ పడుతుంది. వాటన్నిటినీ కలిపితే గీత వంకరటింకరగా వస్తుంది, వంకర గీత తిన్నని గీతకన్నా పొడవు. మీరు సరిగ్గా నాలుగు రౌండ్లు కొట్టినా వాచీ 1650 అని చూపిస్తే ఆశ్చర్యపోవద్దు. "కిలోమీటరు ఇంత స్పీడులో కొట్టాను" అని సంబరపడే ముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ఇంకో మాట. లోపలి లేన్ 400 మీటర్లయితే, ప్రామాణిక ట్రాక్‌లో ఎనిమిదో లేన్ దాదాపు 453 మీటర్లు. బయటి లేన్‌లో నాలుగు రౌండ్లు పరుగెత్తి టైమ్ రావట్లేదని దిగులుపడేవాళ్లకు ముందు కావలసింది వాచీ కాదు, ఈ ముక్క.

మా తమ్ముడిది వేరే లెక్క. ఫారెస్ట్ బీట్ ఆఫీసర్‌కు నడక పరీక్ష ఉంటుంది. మగవాళ్లు నాలుగు గంటల్లో 25 కిలోమీటర్లు, ఆడవాళ్లు 16 కిలోమీటర్లు నడవాలి. అంటే వాడికి కిలోమీటరుకు 9 నిమిషాల 36 సెకన్లు, అమ్మాయిలకు సరిగ్గా 15 నిమిషాలు. పది నిమిషాలకో కిలోమీటరు నడిస్తే బాగానే నడుస్తున్నట్టు అనిపిస్తుంది, కానీ చివరికి పది నిమిషాలు ఆలస్యం. ఇంత పొడవు నడకలో వేగాన్ని నిలబెట్టుకోవడమే అసలు కష్టం. మొదటి పది కిలోమీటర్లు ఉత్సాహంగా పోయి, ఇరవయ్యో కిలోమీటరు దగ్గర పిక్కలు పట్టేసేవాళ్లే ఎక్కువ. ఇక్కడ జీపీఎస్ వాచీ నిజంగా పనికొస్తుంది. ప్రతి కిలోమీటరుకు ఒక వైబ్రేషన్, పక్కన ఆ కిలోమీటరు టైమ్. అంతే కావాలి.

అయితే ఆ రెండు వేల రూపాయల వాచీలో ఒక తిరకాసు ఉంది. బాక్సు మీద జీపీఎస్ అని పెద్దగా రాసి, లోపల చిన్న అక్షరాల్లో "కనెక్టెడ్ జీపీఎస్" అంటారు. అంటే వాచీలో జీపీఎస్ లేదు, మీ జేబులోని ఫోన్ జీపీఎస్‌ను అది అరువు తెచ్చుకుంటుంది. ఫోన్ ఇంట్లో పెట్టి వెళితే అది చేతులూపిన లెక్కనిబట్టి దూరం అంచనా వేస్తుంది. కొనేముందు "బిల్ట్ ఇన్ జీపీఎస్" అన్న మాట కోసం వెతకండి. అది ఉన్న మామూలు రన్నింగ్ వాచీ అయినా నాలుగు గంటల నడకకు బ్యాటరీ సరిపోతుంది. ఆ పని వరకు స్క్రూలు, కవచాలు ఏవీ అక్కర్లేదు.

బండ మీద సంగతి వేరు

ఉమ్మడి నల్లగొండలోని భువనగిరి ఖిల్లా చూసినవాళ్లకు చెప్పాల్సిన పని లేదు. సుమారు 500 అడుగుల ఎత్తున్న ఒకే ఏకశిల. 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ తొలి పాఠాలు నేర్చుకున్నది ఈ బండ మీదే. అప్పటికి పూర్ణకు పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. ఒక చిన్న విశేషం చెప్పి ముందుకు పోతాను. ఆ శిఖరానికి పేరిచ్చిన జార్జ్ ఎవరెస్ట్ సర్వే పనిలో చేరింది మన హైదరాబాద్‌లోనే. 1818లో విలియం లాంబ్టన్‌కు సహాయకుడిగా వచ్చి, కృష్ణా గోదావరి నదుల మధ్య అడవుల్లో కొలతలు తీస్తూ జ్వరంతో మంచాన పడ్డాడు. లాంబ్టన్ వాడిన పెద్ద థియోడలైట్ బరువు దాదాపు అర టన్ను. ఇప్పుడు అరవై గ్రాముల వాచీ బరువుగా ఉందని మనం రివ్యూలు రాస్తున్నాం.

భువనగిరి లాంటి చోట వాచీకి మూడు పరీక్షలు ఎదురవుతాయి.

మొదటిది ప్రతిధ్వని లాంటి సమస్య. ఉపగ్రహం నుంచి సిగ్నల్ రావడానికి ఎంత సమయం పట్టిందో కొలిచి వాచీ మీ స్థానం లెక్కగడుతుంది. జీపీఎస్ ఉపగ్రహాలు సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తులో ఉంటాయి. సెకనులో పది లక్షల వంతు తేడా వస్తే దూరంలో 300 మీటర్ల తేడా. నిలువు బండ పక్కన నిలబడితే సగం ఆకాశం మూసుకుపోతుంది. మిగిలిన సిగ్నళ్లలో కొన్ని బండకు కొట్టుకుని చుట్టుతిరిగి వస్తాయి. వాచీ ఆ చుట్టుదారిని కూడా నిజమైన దూరమే అనుకుంటుంది. ఇంటికొచ్చి మ్యాప్ చూస్తే మీరు గాల్లో నడిచినట్టు గీత ఉంటుంది.

దీనికి మందే డ్యూయల్ బ్యాండ్. పాత వాచీలు ఎల్1 అనే ఒక్క పౌనఃపున్యమే వింటాయి, అది 1575.42 మెగాహెర్ట్జ్. కొత్తవి ఎల్5ను కూడా వింటాయి, అది 1176.45. ఎల్5 సంకేతం పదిరెట్లు వేగంగా మారుతుంది కాబట్టి నేరుగా వచ్చినదేదో, బండకు తగిలి వచ్చినదేదో విడదీయడం సులువు. మైదానంలో ఈ తేడా పెద్దగా తెలియదు. గుట్టల పక్కన, లోయల్లో, హైటెక్ సిటీ అద్దాల భవనాల మధ్య బాగా తెలుస్తుంది. మన ఇస్రో నావిక్ కూడా ఇదే ఎల్5 వాడుతుంది. వాచీల్లాంటి చిన్న పరికరాలకు అనుకూలమైన ఎల్1 సంకేతం మోసే తొలి నావిక్ ఉపగ్రహం ఎన్‌వీఎస్-01ను 2023 మే 29న శ్రీహరికోట నుంచి పంపారు. అయినా చాలా స్పోర్ట్స్ వాచీల జాబితాలో ఇంకా జీపీఎస్, గ్లోనాస్, గెలీలియో, బైడూ పేర్లే కనిపిస్తాయి. నావిక్ లేదని ఒక మంచి వాచీని వదులుకోనక్కర్లేదు.

రెండోది ఎత్తు. జీపీఎస్ అడ్డంగా చూపినంత కచ్చితంగా నిలువుగా చూపదు. అందుకే గుట్టలెక్కేవాళ్లకు బారోమీటర్ ఉన్న వాచీ కావాలి. ఎత్తుకు పోయేకొద్దీ గాలి పీడనం తగ్గుతుంది. భువనగిరి కింది నుంచి పైకి ఎక్కితే సుమారు 17 హెక్టోపాస్కల్‌లు తగ్గుతుంది. ఆ తగ్గుదల నుంచే వాచీ ఎత్తు చెబుతుంది. ఇందులోనూ ఒక మెలిక ఉంది. మబ్బు పట్టి వాతావరణం మారినా పీడనం మారుతుంది, అప్పుడు కూర్చున్న చోటే పది ఇరవై మీటర్లు ఎక్కినట్టు చూపిస్తుంది. బయలుదేరే ముందు ఎత్తును ఒకసారి సరిచేసుకుంటే సరి.

మూడోదాన్ని ఎవరూ పట్టించుకోరు. అద్దం. మన దక్కన్ గుట్టలన్నీ గ్రానైట్. గ్రానైట్‌లో క్వార్ట్జ్ ఉంటుంది, మోస్ స్కేల్ మీద దాని కాఠిన్యం 7. మామూలు గాజు అంతకన్నా మెత్తన. చేతులానించి బండ ఎక్కుతుంటే వాచీ అద్దం ఒక్క ఆదివారానికే గీతలు పడుతుంది. నీలమణి అద్దం, అంటే సఫైర్, కాఠిన్యం 9. దానికి గీత పడదు కానీ ధర పెరుగుతుంది. మధ్యేమార్గం ఏంటంటే అద్దం కన్నా అంచు ఎత్తుగా ఉన్న వాచీ. గార్మిన్ ఇన్‌స్టింక్ట్ రకం ఇలాంటిదే. లేదా వాచీని లోపలి మణికట్టు వైపు తిప్పుకోవడం. ఇది పైసా ఖర్చు లేని పద్ధతి.

ఇక ఆ "మిలిటరీ గ్రేడ్" ముద్ర సంగతి. ఎంఐఎల్-ఎస్‌టీడీ-810 అనేది అమెరికా రక్షణ శాఖ పరీక్షా పద్ధతుల పుస్తకం. ఏ పరీక్షలు చేశారో, ఎలా చేశారో కంపెనీయే చెప్పుకుంటుంది, పైనుంచి ఎవరూ ముద్ర వేయరు. కాబట్టి ఆ మాట చూసి అదనంగా వెయ్యి రూపాయలు పెట్టొద్దు.

తిరుగు దారి

రాచకొండ, దేవరకొండ, కోయిల్‌కొండ కోటలకు వెళ్లినవాళ్లకు ఈ అనుభవం ఉంటుంది. పైకి వెళ్లడం తేలిక, ఎటు చూసినా కోట గోడ కనిపిస్తుంది. దిగేటప్పుడే చిక్కు. దేవరకొండ కోట ఏడు గుట్టలను చుట్టుకుని ఉంటుంది. ఒకదాని వెనక ఒకటి గోడలు, మధ్యలో ముళ్ల పొదలు, మేకలు చేసిన బాటలు. మేకల బాట మనుషుల బాటలాగే మొదలై ఒక బండ దగ్గర ఆగిపోతుంది. పొద్దు గుంకుతుంటే, సీసాలో నీళ్లు అయిపోతే, ఫోన్ ఐదు శాతంలో ఉంటే, అప్పుడు తెలుస్తుంది ఈ వాచీలు ఎందుకు పుట్టాయో.

దీనికోసం చూడాల్సిన సదుపాయం పేరు ట్రాక్ బ్యాక్. కొన్ని కంపెనీలు బ్యాక్ టు స్టార్ట్ అంటాయి. మీరు వచ్చిన దారినే ఒక గీతగా గీసి, దాన్ని పట్టుకుని వెనక్కి నడిపిస్తుంది. దానికి తోడు బైక్ పెట్టిన చోట ఒక పాయింట్ సేవ్ చేసుకునే వీలుండాలి. ఇంతకన్నా ఎక్కువ కావాలంటే జీపీఎక్స్ ఫైల్, అంటే ఇంకొకరు నడిచిన దారిని ముందే వాచీలోకి ఎక్కించుకునే సౌకర్యం.

మ్యాప్ కనబడాలా, గీత చాలా అన్నది పెద్ద చర్చ. 2022లో వచ్చిన ఇన్‌స్టింక్ట్ 2లో మ్యాప్ లేదు, గీత మాత్రమే. అదే కంపెనీ ఫీనిక్స్‌లో పూర్తి మ్యాప్ ఉంటుంది, ధర మాత్రం మంచి బైక్‌కు దగ్గర్లో. 2024లో వచ్చిన అమేజ్‌ఫిట్ టీ-రెక్స్ 3 ఇరవై వేల ప్రాంతంలోనే ఆఫ్‌లైన్ మ్యాప్ ఇచ్చి ఈ లెక్కంతా మార్చేసింది. నా మట్టుకు నాకు మన గుట్టల్లో గీతే చాలనిపిస్తుంది. ఎందుకంటే ఆ వాచీల్లోని మ్యాపుల్లో రోడ్లు, చెరువులు ఉంటాయి గానీ మేకల బాటలు, కోట వెనక మెట్లు చాలావరకు ఉండవు. లేని దారిని రంగుల్లో చూపించినా ప్రయోజనం లేదు.

కంపాస్ గురించి ఒక్క మాట. బైక్ ట్యాంకు పక్కన నిలబడి దిక్కు చూడకండి, ఇనుము దగ్గర అది తప్పు చెబుతుంది. నాలుగడుగులు అవతలికి వెళ్లి చూడండి.

నల్లమలలో

ఒకప్పటి పాలమూరు, ఇప్పుడు నాగర్‌కర్నూల్ జిల్లాలో ఉన్న అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ 2,600 చదరపు కిలోమీటర్లకు పైమాటే. మన్ననూరు చెక్‌పోస్ట్ దాటాక ఫోన్ సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది, లోపలికి వెళితే అసలుండదు. రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా ఆ రోడ్డు మీద రాకపోకలు ఆపేస్తారు. వాచీ ఉంది కదా అని అనుమతి లేకుండా అడవిలోకి నడవడం వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. జీపీఎస్ గీత పులికి అర్థం కాదు, అటవీశాఖ వాళ్లకు మాత్రం బాగా అర్థమవుతుంది. ఎక్కడ తిరిగారో మీ చేతికే సాక్ష్యం కట్టి ఉంటుంది.

సక్రమంగా వెళ్లే సందర్భాలున్నాయి. చైత్ర పౌర్ణమికి జరిగే సలేశ్వరం జాతర అలాంటిదే. చివరి కొన్ని కిలోమీటర్లు లోయలోకి కాలినడకే. లోయ అడుగున ఆకాశం ఒక పట్టీలా కనిపిస్తుంది కాబట్టి డ్యూయల్ బ్యాండ్ వాచీకి, మామూలుదానికి తేడా అక్కడ తెలుస్తుంది. ఆ దారులు పుట్టుకతో తెలిసిన చెంచులకు ఇవేవీ అక్కర్లేదు. దారి తప్పితే వాచీ కన్నా ముందు వాళ్లను అడగడం తెలివి.

ఇలాంటి చోటుకు వెళ్లేవాళ్లు రెండు సంగతులు తెలుసుకోవాలి. చాలా వాచీల్లో ఉండే ఎస్ఓఎస్ బటన్, పడిపోతే ఇంటికి మెసేజ్ పంపే సౌకర్యం ఫోన్ మీద ఆధారపడతాయి. ఫోన్‌కు సిగ్నల్ లేకపోతే ఆ బటన్ ఎంత నొక్కినా మెసేజ్ పోదు. ఎక్కడికి వెళుతున్నారో, ఎన్నింటికి వస్తారో ఇంట్లో ఒకరికి చెప్పి బయలుదేరడమే మేలు. రెండోది అమెరికా బంధువుల సంగతి. "బావా, అక్కడ చవక, నీకు తెస్తా" అంటారు. నేరుగా ఉపగ్రహం ద్వారా మెసేజ్ పంపే ఇన్‌రీచ్ లాంటి పరికరాలను అనుమతి లేకుండా మన దేశంలో వాడటం చట్టవిరుద్ధం. విమానాశ్రయాల్లో విదేశీయులను ఆపి కేసులు పెట్టిన సందర్భాలున్నాయి. 2025లో వచ్చిన ఫీనిక్స్ 8 ప్రోలో ఆ సదుపాయాన్ని వాచీలోనే పెట్టారు. కాబట్టి తెచ్చేవాళ్లకు మోడల్ పేరు పూర్తిగా చెప్పండి.

ఎండలు, చెమట

మన ఎండల గురించి ఫిన్లాండ్‌లోనో, కాన్సాస్‌లోనో కూర్చుని డిజైన్ చేసినవాళ్లకు ఎంత తెలుసో గానీ, మే నెలలో నల్లగొండ ఉష్ణోగ్రత 44, 45 డిగ్రీలంటే మనకు మామూలే. చాలా వాచీల మాన్యువల్‌లో చార్జింగ్‌కు గరిష్ఠ ఉష్ణోగ్రత 45 డిగ్రీలని ఉంటుంది. ఎండలో నిలిపిన కారులో పవర్ బ్యాంక్ పెట్టి చార్జింగ్ చేయడం మానుకోండి. చెమట చేతులతో టచ్‌స్క్రీన్ పలకదు, అందుకే అన్ని పనులూ బటన్లతో జరిగే వాచీయే తీసుకోవాలి. ఎండలో చదవడానికి అమోలెడ్ కన్నా మిప్ డిస్‌ప్లే నయం. ఎండ పడేకొద్దీ అది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది, బ్యాటరీని తక్కువ తింటుంది. కాకపోతే షోరూమ్ లైట్ల కింద వెలవెలబోతుంది, అందుకే అమ్మేవాళ్లు దాన్ని ముందు చూపించరు. బ్యాటరీ లెక్కలో "24 రోజులు" అన్నది చూడకండి, జీపీఎస్ ఆన్‌లో ఎన్ని గంటలన్నదే చూడండి. డ్యూయల్ బ్యాండ్ పెడితే అది ఇంకా తగ్గుతుంది.

మా వాడికి చివరికి చెప్పింది ఇదీ. నడక పరీక్షకు సొంత జీపీఎస్ ఉన్న మామూలు రన్నింగ్ వాచీ తీసుకో, మిగిలిన డబ్బుతో మంచి బూట్లు కొను. హైవే మీద కిలోమీటరు రాళ్లు ఉన్నాయి, వారానికోసారి వాటితో వాచీని సరిచూసుకో. ఉద్యోగం వచ్చాక పులుల అభయారణ్యంలో గస్తీకి ఎంస్ట్రైప్స్ అనే యాప్ ఉంటుంది, అప్పుడు జీపీఎస్‌తో పని రోజూ ఉంటుంది. గట్టి వాచీ సంగతి మొదటి జీతం నాడు మాట్లాడుకుందాం. వాడు కాసేపు "టైపింగ్" అని చూపించి, "సరే అన్నా, కానీ రెండోది మస్తుగున్నది" అని పెట్టాడు. ఉన్నది మరి, కాదనలేం.

గుట్టలకే కొనేవాళ్లు మాత్రం పార్సిల్ వచ్చిన వారంలోనే ఒక పని చేయండి. నల్లగొండ వాళ్లయితే పానగల్లు ఉదయసముద్రం కట్ట మీద, మిగతావాళ్లు మీ ఊరి చెరువు కట్ట మీద ఒక కిలోమీటరు వెళ్లి అదే దారిన తిరిగి రండి. ఆకాశం అంతా తెరిచి ఉండే చోటు కాబట్టి రెండు గీతలు ఒకదాని మీద ఒకటి పడాలి. పడకపోతే బండల మధ్య ఇంకేం పడతాయి? ఆ తర్వాత తెలిసిన గుట్టకే వెళ్లి, ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, ట్రాక్ బ్యాక్ నొక్కి, వాచీ చెప్పినట్టే దిగండి. బైక్ దగ్గరికి తీసుకురాలేకపోతే రిటర్న్ గడువులోపే పంపేయండి. అప్పటిదాకా డబ్బా, బిల్లు పారేయకండి.